పాన్‌దానులో చీటీ

“ఆరోగ్యమే మహాభాగ్యం” అన్న వాక్యాన్ని చిన్ననాట చూచివ్రాత పుస్తకంలో ఎన్నిసార్లు వ్రాశానో నాకే లెక్క లేదు. గుండ్రని అక్షరాలకు మార్కులు పడ్డాయి గాని, ఆ వాక్యం మా ఇంట్లో ఎవరి మనసుకూ పట్టలేదు. భాగ్యం సంగతి సాధారణంగా పోయిన తరువాతనే తెలుస్తుంది. పోకముందే దాన్ని కాపాడుకోవడం ఎట్లా అన్న ప్రశ్నకు చూచివ్రాత పుస్తకంలో చోటు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను గూర్చినదే. నేను వైద్యశాస్త్రం చదివినదాన్ని కాను, బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థినిని. కనుక ఇందులో శాస్త్రం తక్కువగాను, మా ఇంటి సంగతి ఎక్కువగాను ఉంటే పాఠకులు మన్నింతురు గాక.

మాది మానవపాడు. 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆనాటి నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో చేరిన మండలం. ఆర్.డి.ఎస్. కాలువ నీరు వచ్చిన ఏడు మిరప, పత్తి పండుతాయి. రాని ఏడు అప్పులు పండుతాయి. జిల్లా కేంద్రమైన గద్వాల కంటె తుంగభద్ర అవతలి కర్నూలే మాకు దగ్గర. చదువుకు, పెండ్లి బట్టలకు, జబ్బుకు మా తాతల కాలం నుంచి కర్నూలే. 2014 జూన్ 2 తరువాత ఆ వంతెనకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఒక రాష్ట్రం అయినవి. రోగానికి ఆ సంగతి తెలియదు. ఆసుపత్రి కాగితానికి మాత్రం బాగా తెలుసు.

మా దాదీమాకు ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు ధారాళంగా మాట్లాడేది గాని అక్షరాలు రావు. ఇంగ్లీషు మాట చెప్పనక్కరలేదు. ఆమెకు బీ.పీ. ఉన్నదని మొట్టమొదట తెలిసినది కర్నూలు పాతబస్తీలో మా ఫుఫీ ఇంట ఉన్నప్పుడట. ఆ కాగితాలు ఫుఫీ ఇంటి అలమారలోనే ఉండిపోయినవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు అలమారతో పాటు అవి కూడ నీటిపాలైనవి. నాకప్పుడు ఐదేళ్లు. కాగితం పోవడంతో జబ్బు కూడ పోయినదన్నట్లు మా ఇంటివారంతా ఉండిపోయారు. దాదీమాకు నొప్పి లేదు, జ్వరం లేదు. తెల్లవారుజామున నమాజుకు లేచేది, రొట్టెలు చేసేది, వాకిట్లో కూర్చుండి వక్కలు కత్తిరించుకొనేది. తల తిరిగినట్లు ఉన్నప్పుడు దుకాణం నుంచి ఏదో ఒక మాత్ర తెప్పించుకొని వేసుకొనేది, తగ్గగానే మానేసేది.

2019లో, నేను పదవ తరగతిలో ఉండగా, ఒకనాటి ఉదయం ఆమె కుడిచేయి పడిపోయినది. మాట ముద్దయినది. ఆటోలో వేసుకొని కర్నూలుకు తీసికొనిపోయారు. అక్కడి వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న నాకిప్పటికీ చెవిలో ఉన్నది.

“ఈమెకు బీ.పీ. ఎన్నేళ్ల నుంచి? ఏ మాత్ర వాడుతున్నారు?”

“తెల్లమాత్ర సార్. చిన్నది,” అన్నాడు మా అబ్బా.

“తెల్లమాత్రలు వెయ్యి రకాలుంటాయయ్యా,” అన్నాడాయన. కోపంతో కాదు, అలసటతో.

పదిరోజుల తరువాత ఇంటికి తెచ్చాము. ప్రాణం దక్కినది, చేయి, మాట దక్కలేదు. తమలపాకు తానుగా మడుచుకొనలేదు కనుక నేను మడిచి పెట్టేదాన్ని. అట్లా ఒకనాడు ఆమె పాన్‌దాను అడుగు పళ్లెం తీసి తుడుస్తుండగా నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి దొరికినది. సున్నపు మరకల నడుమ 2017 నాటి తేదీ, ఒక గుండ్రని ముద్ర, 168/104 అన్న అంకెలు, వాటి క్రింద రెండు వారాల తరువాత మళ్లీ వచ్చి చూపించుకొనవలెనని ఇంగ్లీషులో ఒక వాక్యం. ఊళ్లో ఏదో వైద్యశిబిరం పెట్టినప్పుడు ఇచ్చినది కాబోలు. ఇది ఏమిటని నేను ఎత్తి చూపితే దాదీమా ఎడమచేతి వ్రేలితో ఆ ముద్రను తాకి చూపినది. ముద్ర ఉన్న కాగితం పారవేయరాదని ఆమె దాచిపెట్టినదన్నమాట!

140/90 దాటితే రక్తపోటు అధికమని నేడు నాకు తెలుసు. నాడు తెలియదు. కాని 2017లో నేను ఎనిమిదవ తరగతి. ఆ ఇంగ్లీషు వాక్యం చదవగలిగినదాన్నే. ఆ చీటీ రెండేళ్లు నేను పడుకునే మంచానికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నది. నాకు ఎవరూ చూపలేదు, నేనూ అడగలేదు. దాదీమా 2022లో పోయినది. ఇంట్లో ఎవరూ నన్నొక మాట అనలేదు. ఎవరికీ ఆ తలంపే రాలేదు. నాకు వచ్చినది.

నొప్పి ఉన్న రోగం తన రోగిని తానే వైద్యుని వద్దకు నడిపించుకొనిపోతుంది. నొప్పి లేని రోగానికి కాళ్లు లేవు. దానికి వెలుపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి, “నీ సమయం అయినది, లే” అని చెప్పవలసి ఉంటుంది. వేల్సు దేశంలో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని గ్రామంలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు పనిచేశాడు. తన గ్రామంలోని పెద్దలందరి రక్తపోటును, వారు ఏ పనిమీద వచ్చినా సరే, కొలిచి వ్రాసిపెట్టి, రానివారిని వెదకి పట్టుకొని వైద్యం చేశాడు. ఆయన చేతిలో కంప్యూటరు లేదు. ఉన్నవి అందరి పేర్లూ ఉన్న ఒక జాబితా, దాన్ని తిరగవేసి చూచే ఓపిక. ఆయనే 1971లో లాన్సెట్ పత్రికలో ఒక చేదునిజం వ్రాశాడు: మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా అందుతుందని. దీన్ని ‘విలోమ సంరక్షణ నియమం’ అంటారు. మా ఊరి సంగతి ఆయనకు ఎవరు చెప్పారో అనిపించినది నాకు.

ఇక నేటి కాలానికి వస్తాను. పాన్‌దానులోని చీటీ చేయలేని పనిని చేతిలోని ఫోను చేయగలదని ఇప్పుడు చెబుతున్నారు. 2020 ఆగస్టు 15న ప్రకటించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద ప్రతి వ్యక్తికీ 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తున్నారు. దీనినే ‘ఆభా’ అంటారు. కోవిడ్ టీకా నాడు ఆధార్ చూపిన చాలామందికి ఈ సంఖ్య వారికి తెలియకుండానే పుట్టినది. మా అబ్బా టీకా పత్రం మీద కూడ ఉన్నది, చాలాకాలం మేము అదేదో రశీదు నంబరనుకున్నాము. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తాన్ని జిల్లా పరీక్షాకేంద్రానికి పంపి, ఫలితాన్ని రోగి ఫోనుకు పంపే ఏర్పాటు కూడ వచ్చినది. 2021 జూన్‌లో 19 జిల్లాలలో ఇటువంటి కేంద్రాలు తెరిచారు; వాటిలో మా గద్వాల ఒకటి. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటికీ వెళ్లి ప్రజల ఆరోగ్య వివరాలను కంప్యూటరుకెక్కించే పని ప్రయోగాత్మకంగా చేపట్టారు.

ఆభా ఖాతాను చాలామంది ఒక పెద్ద గిడ్డంగి అనుకుంటారు. అది గిడ్డంగి కాదు. ఏ ఆసుపత్రి కాగితం ఆ ఆసుపత్రి వద్దనే ఉంటుంది. ఖాతాదారు తన ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పి అనుమతి ఇచ్చినప్పుడు, ఇచ్చినంత కాలానికి మాత్రమే మరొక వైద్యునికి కనిపిస్తుంది. ఈ ఖాతా తెరవడం నిర్బంధం కాదు, ఐచ్ఛికం. సంఖ్య దేశమంతటికీ ఒకటే కనుక తుంగభద్ర వంతెన దానికి అడ్డం కాదు, రెండు ఒడ్డుల ఆసుపత్రులూ ఆ ఏర్పాటులో చేరి ఉంటే. ఆ షరతు చిన్నది కాదని మా ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

మా అబ్బా దర్జీ. ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ రక్తపోటు, మధుమేహం పరీక్షించాలన్న కార్యక్రమం క్రింద నిరుడు ఆశా కార్యకర్త మా దుకాణానికి వచ్చినది. ఆమె వద్ద ఒక ప్రశ్నాపత్రం ఉంటుంది: వయసెంత, పొగాకు అలవాటున్నదా, మద్యం ఉన్నదా, శరీరశ్రమ ఎంత, తల్లిదండ్రులకు ఈ జబ్బులున్నవా, నడుము కొలత ఎంత అని. మార్కులు వేస్తారు. మన పరీక్షలకు విరుద్ధంగా ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే మేలు. నాలుగు దాటితే తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

“అన్నా, నడుం కొలత?” అన్నది ఆమె.

ముప్పై ఏళ్లుగా ఊరివారి నడుములన్నీ కొలిచిన మా అబ్బా మెడలో టేపు వేసుకొని తెల్లమొహం వేశాడు. తన నడుము ఆయన ఎన్నడూ కొలుచుకొనలేదు. ఆమే ఆ టేపు తీసి కొలిచినది. ముప్పై ఎనిమిది అంగుళాలు. సెంటీమీటర్లలో తొంభై దాటినందుకు మార్కు, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నందుకు మార్కు, దాదీమా జబ్బుకు మార్కు. నాలుగు దాటినవి. మరుసటి వారం రక్తం ఇచ్చి వచ్చాడు.

తరువాత ఏమీ జరగలేదు. పదిహేను రోజులైనా ఫలితం రాలేదేమని నేను అడిగితే, “ఏదో ఇంగ్లీషు మెసేజి వచ్చింది, నీలిరంగు గీత ఉన్నది. నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని తీసేశాను,” అన్నాడు. నవ్వవలెనో ఏడవవలెనో తెలియలేదు. అపరిచితమైన లంకె నొక్కవద్దని ఆయనకు నూరిపోసినదాన్ని నేనే! ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగి మళ్లీ తెప్పించాను. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో 6.2 ఉన్నది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహం ఇంకా రాలేదు, గడపలో నిలుచున్నదని అర్థం. మందు అక్కరలేకుండా నడకతో, తిండితో దాన్ని గడప అవతలనే ఆపవచ్చు. నివారణ అనే మాటకు ఇంతకంటె మంచి అవకాశం మరొకటి లేదు. అటువంటి అవకాశం ఒక వ్రేలి తాకిడితో చెరిగిపోయినది. దాదీమా చీటీని పారవేయలేదు గాని చదవలేదు. అబ్బా చదవలేదు, పారవేశాడు కూడ.

ఖాతాలో కాగితాలు చేర్చిన తరువాత కూడ నేను గమనించినది ఒకటున్నది. మా అబ్బా ఖాతాలో ఆ ఫలితం భద్రంగా ఉన్నది. మూడు నెలలు గడిచినవి, మళ్లీ పరీక్ష చేయించుకో అన్న మాట ఒక్కటి కూడ దాని నుంచి రాలేదు. దాచడం వేరు, గుర్తుచేయడం వేరు. నివారణకు కావలసినది రెండవది. అమెరికాలోని వర్జీనియాలో అలెక్స్ క్రిస్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఎనిమిది ప్రాథమిక వైద్యశాలలకు చెందిన 4,500 మందిపై చేసిన పరిశోధన 2012లో వెలువడినది. వారు సగంమందికి ఒక ప్రత్యేకమైన ఆరోగ్య ఖాతా తెరుచుకొమ్మని ఆహ్వానం పంపారు. ఆ ఖాతా కాగితాలు చూపి ఊరుకొనదు. “మీ వయసుకు ఈ పరీక్ష కావలెను, మీరు చేయించుకొనలేదు, ఎందుకంటే ఇందుకు” అని సరళమైన మాటలలో చెబుతుంది. దాన్ని వాడినవారిలో కాన్సరు పరీక్షలు పెరిగినవి. పదహారు నెలలకు, కావలసిన పరీక్షలన్నీ సకాలంలో పూర్తిచేసుకున్నవారు వారిలో 25.1 శాతం, వాడనివారితో పోలిస్తే ఇది రెట్టింపు. బాగున్నది. కాని ఆ పరిశోధనలోనే మరొక అంకె ఉన్నది: ఆహ్వానం అందినవారిలో ఖాతా తెరిచినవారు 16.8 శాతమే. అమెరికాలో, కంప్యూటరు ఉన్న ఇళ్లలో, తమ భాషలోనే ఉన్న ఖాతాను నూటికి పదిహేడుగురు కూడ తెరవలేదు. తెరిచినవారు మొదటి నుంచి జాగ్రత్తపరులే కావచ్చునన్న అనుమానం నాకున్నది. వేల్సు వైద్యుని నియమం అక్కడ కూడ తప్పలేదన్నమాట.

మా వీధిలో ఒక ఖాలా ఉన్నది. వయసు నలభై ఐదు. ముప్పై దాటిన స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్షలు ఐదేళ్లకొకసారి చేయించాలన్నది కూడ ఆ కార్యక్రమంలో భాగమే. పోయిరా ఖాలా, నేను తోడు వస్తాను అన్నాను. ఆమె చాలాసేపు దుపట్టా అంచు చుట్టుకుంటూ కూర్చున్నది.

“ఫోను నంబరు ఎవరిది ఇస్తారు బేటీ?” అన్నది చివరకు.

ఆమె ఆధార్‌కు జోడించిన నంబరు అల్లునిది. ఫలితమైనా, అనుమతి అంకెలైనా ముందు అతని ఫోనుకే వస్తాయి. అతడు చెడ్డవాడని కాదు. కాని ఆ సంగతి అతనికి తెలియడం కంటె జబ్బే నయమన్నట్లున్నది ఆమె ముఖం. నేను కళాశాలలో గోప్యత గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం కూడ చేసినది. ఒక ఇంటికి ఒకటే ఫోను ఉన్నచోట ఆ చట్టం వాకిట్లోనే ఆగిపోతుందని ఆ సాయంత్రం తెలిసినది. ఎట్టకేలకు ఖాలాకు చిన్న కీప్యాడు ఫోను, సొంత నంబరు ఏర్పడినవి. అందుకు ఆరు నెలలు పట్టినది. పరీక్ష అయినది. ఫలితం ఏమిటో ఇక్కడ వ్రాయను, అది ఆమె సొత్తు.

కళాశాల కమిటీ పెద్దలకు ఇక్కడ ఒక విన్నపం చేసికొంటాను. జాతీయ సేవా పథకం క్రింద మనం ఏటా ఏడు రోజులు ఏదో ఒక గ్రామంలో శిబిరం పెడతాము. రోడ్లు ఊడుస్తాము, మొక్కలు నాటుతాము. మరుసటి ఏడు మళ్లీ అవే గుంటలలో నాటుతాము. ఈసారి రెండు రోజులైనా ఊరివారి వద్ద కూర్చుండి, వారి ఫోనులో ఉన్న ఆరోగ్య సందేశాన్ని వారి భాషలో చదివి వినిపించే పని పెట్టండి. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ వచ్చినవారు ఉన్నారు. ఆసుపత్రి ఇంగ్లీషును ఈ రెండింటిలోకి దించగల పిల్లలు ఇంత సులభంగా మరెక్కడ దొరుకుతారు? అయితే నేర్చుకొనవలసినవి కొన్ని ఉన్నవి. మనిషి ఎదుట లేకుండా వారి ఖాతా తెరవరాదు. అంకెలు వారే చెప్పాలి, మనం లాక్కొని చూడరాదు. చదివినదాన్ని ఇంకొకరి ముందు అనరాదు. ఫోటో అసలే తీయరాదు. శిబిరం నివేదికలో ఎంతమందికి ఖాతాలు తెరిపించామన్న లెక్క ఘనంగా వ్రాయాలని మనకు ఆశ పుడుతుంది. ఆ లెక్కకు విలువ లేదు. ఎంతమంది రెండవసారి పరీక్షకు వెళ్లారన్నది లెక్క. మనం వైద్యులం కామన్నది కూడ మరువరాదు: అంకె చదివి అర్థం చెప్పవచ్చు, మందు పేరు చెప్పరాదు.

కొందరు మిత్రులు దీన్ని విని, ప్రభుత్వం చేయవలసిన పని మన నెత్తిన వేసుకొనడమెందుకన్నారు. వారి మాటలో న్యాయం ఉన్నది. ఫలితం తెలుగులోను, ఉర్దూలోను పంపడం, తేదీ దాటినవారికి గుర్తుచేయడం ఖాతా నడిపేవారి పనే. ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఎర్రగా కనిపించేటట్లు చేయడం యంత్రానికి పెద్ద కష్టం కాదు. అడుగుదాము, తప్పక అడుగుదాము. అంతవరకు పాన్‌దానులో చీటీ ఎవరు చదువుతారు?

మా అబ్బా ఇప్పుడు ఫజర్ నమాజు కాగానే రైల్వే స్టేషను దాక నడిచి వస్తాడు. చాయలో చక్కెర సగం చేశాడు, మానలేదు, అబద్ధమెందుకు. రెండవ పరీక్ష తేదీని యాప్ గుర్తుచేయదని తెలిసి, దుకాణం గోడ మీద, కుట్టవలసిన బట్టల తేదీలు వ్రాసే చోటనే, దర్జీ సుద్దతో తానే వ్రాసుకున్నాడు. ఆనాడు రక్తం ఇచ్చాడు. మూడవ రోజున నేను బస్సు దిగి వచ్చేసరికి దుకాణం గడపలో నిలుచుండి ఫోను నా చేతికిచ్చాడు. సందేశం తెరవలేదు, తీసివేయనూ లేదు.

“చదువు,” అన్నాడు.

“6.1 అబ్బా.”

“అంటే ఎంత తగ్గినట్లు? నూలుపోగంతేనా?”

“అంతే.”

ఆయన ఒక క్షణం ఆలోచించి, చెవి మీది సుద్ద తీసి, పాత తేదీని అరచేతితో చెరిపి, దాని స్థానంలో మూడు నెలల తరువాతి తేదీ వేసి, మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.